రాజమండ్రి నుంచి డల్లాస్: దూరం, ప్రయాణ సమయం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురంలో మా వీధిలో చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలోనే ఉన్నారు. అందులోనూ డల్లాస్ చుట్టుపక్కల ఎక్కువ. నేను మూడుసార్లు వెళ్లొచ్చానన్న ఒకే ఒక్క అర్హత చూసి, ప్రయాణం కుదిరిన ప్రతివాళ్లూ నన్నే అడుగుతారు. అడిగేవి తిప్పి తిప్పి అవే. ఫోనులో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇలా రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. విమానాల వేళలు సీజన్‌కి మారుతుంటాయి కాబట్టి ఇక్కడి గంటలు అంచనాకే. టికెట్ మీద ఉన్నదే లెక్క.

## దూరం, గంటల లెక్క

రాజమండ్రి నుంచి డల్లాస్ ఎన్ని కిలోమీటర్లండీ? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

రాజమండ్రి దగ్గరి మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి డల్లాస్–ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకి, భూమి గుండ్రం మీద అతి దగ్గర దారిలో కొలిస్తే సుమారు 14,450 కి.మీ. అదే మైళ్లలో దాదాపు 9,000, విమానాల వాళ్లు వాడే నాటికల్ మైళ్లలో సుమారు 7,800. లెక్కలు వేరుగా కనిపించడానికి సగం కారణం ఈ కొలతలే.

మిగతా సగం, మనం వెళ్లే దారి. ఆ దగ్గర దారిలో ఏ విమానమూ పోదు. హైదరాబాదు, దుబాయి మీదుగా వెళ్తే రాజమండ్రి–హైదరాబాదు 360, హైదరాబాదు–దుబాయి 2,550, దుబాయి–డల్లాస్ 12,900, మొత్తం 15,800 కి.మీ. చుట్టు తిరిగినా పెరిగింది 1,350 కిలోమీటర్లే. విమానానికి అది గంటన్నర పని.

అమెరికా మనకి పడమర కదా, దగ్గర దారి ఉత్తర ధ్రువం మీదుగా అంటారేంటి?

గోడమీద మ్యాపు చూస్తే అలాగే అనిపిస్తుంది. పిల్లల గ్లోబు ఒకటి తీసుకుని రాజమండ్రి మీద దారం ఒక కొస, డల్లాస్ మీద రెండో కొస పెట్టి బిగించి చూడండి. దారం తిన్నగా పైకి పోతుంది. రాజమండ్రి దాదాపు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ ఎయిర్‌పోర్టు 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. రెండూ కలిపితే 179. అంటే ఇంచుమించు భూమికి అటువైపు రేఖ. అందుకే దగ్గర దారి నేపాల్, టిబెట్ దాటి, సైబీరియాలో నోవోసిబిర్స్క్ పక్కగా ధ్రువం దాకా ఎక్కి, అవతల కెనడాలో విన్నిపెగ్, అమెరికాలో ఓక్లహామా సిటీ మీదుగా డల్లాస్‌కి దిగుతుంది. ఎక్కడం 8,100 కి.మీ., దిగడం 6,350 కి.మీ.

లంకల్లో ఉన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఏటిగట్టు వెంట పోతే చుట్టు, అడ్డంగా పడవ వేస్తే దగ్గర.

అంత దగ్గర దారి ఉంటే నేరుగా విమానం ఎందుకు వెయ్యరు?

ఎగరలేక కాదు. సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కి.మీ. ఆగకుండా పోతోంది, 18 గంటలు పైన. మనది అంతకంటే తక్కువే.

అడ్డొచ్చేవి వేరు. మొదటిది జనం. రోజూ అంత పెద్ద విమానం నిండాలి, ఖరీదైన ముందు సీట్లతో సహా. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాదు నుంచి షికాగోకి నేరుగా వారానికొక విమానం వేసింది, అది నిలబడలేదు. రెండోది టిబెట్. విమానంలో గాలి పీడనం పోతే వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. అక్కడ నేలే నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకని ఆ పీఠభూమిని వీలైనంత తప్పించుకునే పోతారు. మూడోది ఆకాశంలో సరిహద్దులు. 2022 నుంచి రష్యా మీదుగా అమెరికా, యూరప్ సంస్థల విమానాలు పోవడం లేదు.

విమానం గంటకి 900 కిలోమీటర్లు పోతుంది కదా, 16 గంటల్లో అయిపోవాలి. 40 గంటలు ఎందుకు చెబుతున్నారు?

అందరూ పొరపడేది ఇక్కడే. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చేది గాలిలో ఉండే టైము. మన టైము ఎక్కువగా పోయేది నేలమీద, కుర్చీల్లో. ఒక మామూలు వేసవి ప్రయాణం చెబుతాను, అన్నీ మన గడియారం ప్రకారం.

సోమవారం మధ్యాహ్నం 12కి అమలాపురంలో కారెక్కారు. సాయంత్రం 4:30కి రాజమండ్రిలో విమానం లేచింది, 5:45కి హైదరాబాదు. అక్కడ తెల్లవారుజాము 4 దాకా పడిగాపులు. నాలుగుంపావు గంటల ప్రయాణం, మంగళవారం ఉదయం 8:15కి దుబాయి. 10:45కి పెద్ద విమానం ఎక్కారు. 16 గంటలు. బుధవారం తెల్లవారుజాము 2:45కి డల్లాస్‌లో చక్రాలు నేలకి తగిలాయి. ఇమ్మిగ్రేషన్, సామాను, అబ్బాయి కారు. ఇంటి గుమ్మం తొక్కేసరికి మనకి బుధవారం ఉదయం 5.

మొత్తం 41 గంటలు. గాలిలో ఉన్నది ఇరవై ఒకటిన్నర, నేలమీద పోయినది పంతొమ్మిదిన్నర. టికెట్ కొనేటప్పుడు విమానం ఎంత వేగంగా పోతుందని కాదు, హైదరాబాదులో ఎంతసేపు కూర్చోబెడుతుందని చూడండి. గంటలు మిగిలేది అక్కడే.

టికెట్ మీద సోమవారం ఎక్కి మంగళవారం సాయంత్రం దిగుతారని ఉంది. ఒక్క రోజేనా అయితే?

కాదు. టికెట్ మీద ప్రతి ఊరికీ ఆ ఊరి టైమే వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మీరు డల్లాస్‌లో మంగళవారం సాయంత్రం 4:15కి దిగితే, ఇక్కడ మీ చెల్లెలి గడియారంలో బుధవారం తెల్లవారుజాము 2:45. ఆ పదిన్నర గంటలూ మీ ఒళ్లు పడినవే, కాగితం మీద కనిపించవు.

నేను చేసే పని ఒకటుంది. చేతి వాచీని ఇంటికి చేరేదాకా మన టైములోనే ఉంచుతాను. ఫోను ఎక్కడికక్కడ మారిపోతుంది, దాన్ని గేటు దగ్గర టైముకి చూసుకుంటాను. ఎంతసేపైందన్నది వాచీ చెబుతుంది.

డల్లాస్‌కీ మనకీ తేడా పదిన్నరా, పదకొండున్నరా?

రెండూ నిజమే. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. మిగతా చలికాలం పదకొండున్నర. మనం ఉదయం 7కి ఫోను చేస్తే వాళ్లకి ముందురోజు రాత్రి 8:30, చలికాలమైతే 7:30.

సూర్యుడి లెక్కలో చూస్తే ఇది సరిగ్గా పన్నెండు గంటలు ఉండాలి. మన దేశపు టైముకి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర నుంచే పోతుంది. దానికి సూటిగా అటువైపున ఉన్నది ఇంచుమించు ఫోర్ట్‌వర్త్. మనకి నడినెత్తిన ఎండ అయితే వాళ్లకి నడిరేయి. కాకపోతే వాళ్ల గడియారం 90 డిగ్రీల రేఖకి పెట్టినది, కాబట్టి అరగంట ముందుంటుంది. వేసవిలో ఇంకో గంట ముందుకి తిప్పుతారు. అలా పదకొండున్నర, పదిన్నర అయ్యాయి.

## టికెట్ కొనేటప్పుడు

ఏ దారి దగ్గర? దుబాయా, దోహానా, లండనా, ఢిల్లీయా?

గాలిలో గంటలు ఏ దారికైనా పెద్దగా తేడా ఉండవు. హైదరాబాదు నుంచి దుబాయికి నాలుగు గంటలు పైన, అక్కడి నుంచి డల్లాస్‌కి 16. దోహా కూడా ఇంచుమించు అంతే, అక్కడి నుంచి డల్లాస్ 12,750 కి.మీ. లండన్ మీదుగా అయితే రెండు ముక్కలూ తలా పది గంటలు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి నేను లండన్ దారే చెబుతాను. నాలుగూ పదహారుగా కంటే పదీ పదిగా కూర్చోవడం సులువు.

ఢిల్లీ, ముంబైలకి 2024 డిసెంబరులో రాజమండ్రి నుంచి నేరుగా విమానాలు వచ్చాయి, కాబట్టి ఆ దారీ చూడొచ్చు. కానీ ఢిల్లీ నుంచి మన దేశపు సంస్థ విమానంలో వెళ్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమాన సంస్థలకి మూసేసింది. దాంతో అవి చుట్టు తిరగాల్సి వచ్చి, కొన్ని మధ్యలో ఇంధనానికి ఆగాయి. టికెట్ కొనే రోజున ఉన్న గంటలు చూసుకోండి. బంధువులు మూడేళ్ల కిందట చెప్పినవి పనికిరావు.

రాజమండ్రి–హైదరాబాదు టికెట్ విడిగా కొంటే చవకగా వస్తోంది. కొనొచ్చా?

కొనొచ్చు, కానీ తెలిసి కొనండి. అంతా ఒకే టికెట్ అయితే, మొదటి విమానం ఆలస్యమైనా మిమ్మల్ని డల్లాస్ చేర్చే బాధ్యత వాళ్లది. సామానుకి కూడా సాధారణంగా విదేశీ ప్రయాణపు లెక్కే వర్తిస్తుంది, మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు. విడిగా కొంటే దేశంలో తిరిగే టికెట్టుకి మామూలుగా 15 కిలోలే. పైన ప్రతి కిలోకీ డబ్బు కట్టాలి. 46 కిలోలతో మధురపూడి కౌంటరు ముందు నిలబడితే, చవక అనుకున్నదంతా అక్కడే ఖర్చయిపోతుంది.

నా రెండో ప్రయాణంలో నేనూ ఈ తెలివే ప్రదర్శించాను. పొగమంచుకి పొద్దున్న విమానం మూడు గంటలు ఆలస్యమైంది, హైదరాబాదులో గల్ఫ్ విమానం వెళ్లిపోయింది. మొదటి సంస్థ ‘మేం మిమ్మల్ని హైదరాబాదు చేర్చాం కదండీ’ అంది, రెండోది ‘మీరు రాలేదు కదండీ’ అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. కొత్త టికెట్ నేను కొనుక్కున్నాను.

మధ్యలో ఎంత గ్యాప్ ఉండాలి?

ఒకే టికెట్ అయితే గల్ఫ్‌లో రెండున్నర నుంచి నాలుగు గంటలు బాగుంటుంది. గంటన్నర అయితే టెన్షన్. వీల్‌చైర్ తీసుకునే వాళ్లకి మూడు గంటలకి తగ్గకూడదు. హైదరాబాదులో టికెట్లు విడివిడిగా ఉంటే ఎనిమిది గంటలు పెట్టుకోండి, డిసెంబరు, జనవరి మంచు రోజుల్లో ఒక రోజు ముందే చేరడం మేలు. శంషాబాద్‌లో ఒక సుఖం ఉంది, దేశంలో తిరిగే విమానాలకీ విదేశీ విమానాలకీ ఒకటే భవనం. ఢిల్లీలో అలా కాదు, టెర్మినల్ మారాల్సి రావచ్చు.

దుబాయి, దోహాల్లో మధ్యలో దిగడానికి వీసా కావాలా?

ఎయిర్‌పోర్టు లోపలే ఉండి విమానం మారితే అక్కర్లేదు. బయటికి వెళ్తేనే కావాలి. యూరప్ దారికి దేశానికొక నియమం ఉంటుంది. టికెట్ కొనకముందే మీ పాస్‌పోర్టు, మీ అమెరికా వీసా చెప్పి విమాన సంస్థని అడగండి.

## ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు దాకా

మధురపూడికి వెళ్లాలా, విజయవాడ దగ్గరి గన్నవరమా, లేక రాత్రి బస్సులో హైదరాబాదు పోవాలా?

అమలాపురం, రావులపాలెం, మండపేట, రామచంద్రపురం, కాకినాడ వాళ్లకి మధురపూడి. భీమవరం వాళ్లకి రెండూ ఇంచుమించు సమానం, ఏ విమానం టైము కుదిరితే అది. నరసాపురం వాళ్లకి రాత్రి రైలు ఊళ్లోనే ఎక్కే వీలుంది. ఎక్కడి నుంచి వెళ్లినా అమెరికా దారి పట్టే పెద్ద విమానం హైదరాబాదులోనో ఢిల్లీ, ముంబైల్లాంటి పెద్ద ఊళ్లోనో ఎక్కాల్సిందే.

రాత్రి బస్సుకి నేను వ్యతిరేకం కాదు. సామాను కిలోల గొడవ లేదు, మంచుకి రద్దవదు. కానీ అరవై దాటినవాళ్లు రాత్రంతా బస్సు, పగలంతా ఎయిర్‌పోర్టు, మళ్లీ రాత్రి విమానం అంటే ఒళ్లు హూనం. బస్సులో వెళ్తే హైదరాబాదులో ఎవరింట్లోనైనా ఒక పూట పడుకుని వెళ్లండి.

అమలాపురం నుంచి ఎన్ని గంటలకి బయల్దేరాలి?

విమానం టైముకి నాలుగున్నర గంటల ముందు. దారి రెండు, రెండున్నర గంటలు. ఎయిర్‌పోర్టు రాజమండ్రి ఊరు దాటాక ఇంకో 18 కి.మీ. ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు.

జూలై, ఆగస్టుల్లో ప్రయాణమైతే గోదావరిని కూడా లెక్కలో వెయ్యండి. వరదొస్తే సఖినేటిపల్లి–నరసాపురం పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునుగుతుంది. లంక ఊళ్లవాళ్లు ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక అని వినగానే పెట్టెలు ఇవతలి ఒడ్డుకి చేర్చేసుకోవడం మంచిది. 14 వేల కిలోమీటర్ల ప్రయాణం ఇంటి ముందు రెండు వందల మీటర్ల నీళ్ల దగ్గర ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు.

కొబ్బరి, ఆవకాయ, పూతరేకులు పట్టుకెళ్లొచ్చా? వీటివల్ల ఆలస్యం అవుతుందా?

ఎండు కొబ్బరి వద్దు. నూనె ఉండటంతో దానికదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో లెక్క, స్కానింగులో పట్టుకుంటే పెట్టె విప్పిస్తారు. కోనసీమ వాళ్లకి ఈ మాట మింగుడుపడదని తెలుసు. ఆవకాయ గట్టిగా సీలు వేసి పెద్ద పెట్టెలో పెట్టండి, చేతి సంచిలో పెడితే తీసేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలకి ఇబ్బంది లేదు.

అమెరికాలో దిగాక మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పళ్లు, విత్తనాలు, మన బియ్యం కుదరవు. కొత్తపల్లి కొబ్బరి మామిడి ఎంత బాగున్నా ఇక్కడే తినేసి వెళ్లండి. తిండి సామాను ఏదున్నా ఉందని చెప్పెయ్యండి. చెబితే పది నిమిషాల్లో పంపేస్తారు. దాచి దొరికితే జరిమానా.

## విమానంలో

పదహారు గంటలు కూర్చోగలమా?

కూర్చోకూడదు. రెండు గంటలకొకసారి లేచి నడవండి, కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఉండాలంటే ఇదే మందు. నడవా పక్క సీటు ముందే అడగండి. నీళ్లు తాగితే బాత్రూముకి లేవాలని మానేస్తారు మన ఆడవాళ్లు, అది తప్పు. ముందు తెర మీద మ్యాపు పెట్టుకుంటే కాలక్షేపం. ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దాపుల్లోంచి కెనడా మీదికి దిగడం కనిపిస్తుంది. జూన్‌లో అయితే కిటికీ బయట చాలాసేపు పొద్దు గుంకదు.

షుగర్ మాత్రలు ఏ టైము ప్రకారం వేసుకోవాలి?

మాత్రకీ మాత్రకీ మధ్య ఎన్ని గంటలన్నది ముఖ్యం, ఏ ఊరి టైమన్నది కాదు. ఇన్సులిన్ వాడేవాళ్లు టికెట్ చూపించి, మొత్తం గంటలు చెప్పి, డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మందులన్నీ చేతి సంచిలోనే, చీటీతో సహా.

ఇంగ్లీషు రాదు, ఒక్కదాన్నే వెళ్తున్నాను. విమానం మారగలనా?

మారగలరమ్మా. టికెట్ కొనేటప్పుడే వీల్‌చైర్ సాయం పెట్టించుకోండి, మామూలుగా డబ్బు తీసుకోరు. నడవగలిగినా పెట్టించుకోవచ్చు. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి వాళ్లే దింపుతారు. హైదరాబాదు నుంచి వెళ్లే విమానంలో తెలుగువాళ్లు తప్పకుండా ఉంటారు, ‘మీదే ఊరండీ’ అని మనమే ముందు పలకరించాలి.

## దిగాక

విమానం దిగాక బయటికి రావడానికి ఎంతసేపు?

గంట నుంచి రెండు గంటలు. ఇమ్మిగ్రేషన్ వరసే ఎక్కువ టైము తింటుంది. పిల్లల్ని విమానం దిగే టైముకే వచ్చి నిలబడమనకండి, ఒక గంట తర్వాత బయల్దేరమనండి. ఆ ఎయిర్‌పోర్టు న్యూయార్క్‌లోని మన్‌హాటన్ దీవి కంటే పెద్దది, అయిదు టెర్మినళ్లు. విదేశీ విమానాలు ఎక్కువగా ‘డి’ టెర్మినల్‌కి వస్తాయి.

షికాగో, న్యూయార్క్ మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ అక్కడే. పెట్టెలు తీసుకుని మళ్లీ అక్కడే వెయ్యాలి. దానికి మూడు గంటల గ్యాప్ లేకపోతే ఆ టికెట్ కొనకండి.

పగలు నిద్ర, రాత్రి మెలకువ ఎన్నాళ్లు?

వారం రోజులు. పగలు ఇంటి బయట ఎండలో తిరగండి, సాయంత్రం నాలుగింటికి సోఫాలో వాలకండి. నడిరాత్రి ఆకలేస్తుంది, మన ఒంటికి అది మధ్యాహ్నం భోజనం వేళ మరి.

## తిరుగు ప్రయాణం

వెళ్లేటప్పుడు 16 గంటలు, వచ్చేటప్పుడు గంట తక్కువ. దూరం మారిందా?

దూరం అదే. విమానాలు ఎగిరే పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి బలంగా వీస్తుంది. వచ్చేటప్పుడు ఆ గాలి వెనక నుంచి తోస్తుంది. తెరచాప ఎత్తిన నావకి వాటమైన గాలి దొరికినట్టు.

శుక్రవారం ఎక్కితే ఆదివారం దిగుతామంటున్నారు. వెళ్లేటప్పుడు మరుసటి రోజే చేరాం కదా?

వెళ్లేటప్పుడు గడియారం వెనక్కి తిరిగి మీకు పదిన్నర గంటలు ఇచ్చింది, వచ్చేటప్పుడు అవి తిరిగి తీసుకుంటుంది. డల్లాస్‌లో శుక్రవారం మధ్యాహ్నం 12కి లేస్తే, 15 గంటల తర్వాత దుబాయిలో శనివారం మధ్యాహ్నం 12. హైదరాబాదు చేరేసరికి శనివారం రాత్రి, రాజమండ్రి ఆదివారం ఉదయం. పెళ్లికో పుష్కరాలకో వచ్చేవాళ్లు తారీఖు ఒకటి తక్కువ లెక్కేసి టికెట్ కొంటుంటారు. ముహూర్తం ఆదివారం రాత్రికైతే, ఆలస్యాలకి ఒక రోజు చేతిలో ఉంచుకుని అక్కడ గురువారమే విమానం ఎక్కాలి.